కదలని మీటరు

మా ఇంట్లో తొమ్మిదేళ్ళు ఒక కారు ఉండేది. ఉండేది అంటున్నాను గాని తిరిగేది అనడం లేదు, గమనించండి. పెళ్ళిళ్ళకు ఆటోలో వెళ్ళాం, ఆసుపత్రులకు ఆటోలో వెళ్ళాం, మా అత్తగారు గౌరమ్మ పోయినప్పుడు విల్సన్ గార్డెన్ శ్మశానం దాకా పక్కింటివాళ్ళ వ్యాను వెనకాల నడిచినంత పని చేశాం. కారు మాత్రం పెరటి షెడ్డులో ముసుగు కప్పుకుని హాయిగా ఉండేది.

మా ఆయన మల్లికార్జున్‌కు బళేపేటలో ఇనుప సామాను అంగడి. తాళాలు, గొళ్ళేలు, తలుపు బందులు, మేకులు. తాత పెట్టిన అంగడిని తండ్రి నడిపాడు, తండ్రి తరువాత ఈయన. సరుకు రావాలి, పోవాలి. వచ్చింది పోకపోతే మా మామగారికి అన్నం సహించేది కాదట. అలాంటి ఇంట్లోకి కొన్న సరుకును కదలకుండా పెట్టుకుని చూసి మురిసిపోయే జబ్బు ఒకటి వచ్చింది. మోసుకొచ్చినవాడు రియాజ్.

రియాజ్‌ది కర్నూలు. కోరమంగలలో కంప్యూటర్ ఉద్యోగం. మనిషి మంచివాడే, పండక్కి మా ఇంటికి ఖీరు పంపకుండా ఉండడు. కాని కార్ల మాట ఎత్తితే మాత్రం లోకం తెలియదు. తన పాత కారుకు ఏదో బోల్టు దొరక్క మా అంగడికి వచ్చాడు, బోల్టు దొరికింది, ఆ తరువాత మా ఆయన కూడా వాడికి దొరికాడు.

"అన్నా, ఇండ్ల సైట్లు కొనేకి ఊరంతా ఎగబడతా ఉండారు," అని ఒక ఆదివారం మా హాల్లో కూర్చుని చెప్పాడు. "ఇది ఇంకా ఎవరికీ తెలీదు. ఫారిన్‌లో ఇట్లాంటి ఫాస్ట్ కార్లు చీప్‌గా ఉన్నప్పుడే కొని పెట్టుకుంటారు. కంపెనీ ఈ ఇంజన్ చేసేది నిలిపేసింది. ఉన్నవన్నీ పిల్లోళ్ళు తోలి తోలి పాడు చేస్తారు. పదేళ్ళ తరువాత క్లీన్‌గా ఉండేది నీదొక్కటే. అప్పుడు నువ్వు చెప్పిందే రేటు."

"పదేళ్ళు ఏం చేయాల దాన్ని?" అన్నాను నేను కాఫీ ఇస్తూ.

"ఏమీ చేయకూడదు వదినా. అదే పని. కిలోమీటర్లు పెరక్కూడదు, అంతే."

ఏమీ చేయకుండా డబ్బు వస్తుందంటే మా ఆయనకు కన్నడలో చెప్పినా, తెలుగులో చెప్పినా, చైనా భాషలో చెప్పినా అర్థమవుతుంది. ఉద్యోగం బదిలీ అయి ఊరు వదిలిపోతున్న ఎవరో పెద్దమనిషి దగ్గర రెండేళ్ళ కారు, నల్లది, తక్కువలో వచ్చింది. పైకి చూస్తే వీధిలో పోయే అన్ని కార్లలాగే ఉంటుంది. కాలు నొక్కితే మాత్రం వీపు సీటుకు అతుక్కుంటుంది. దానితోబాటు ముందు దీపాలు, అద్దాలు, బంపరు, అన్నీ ఒక్కో జత అట్టపెట్టెల్లో కొని అటక మీద దాచాడు. అసలు సామాను ఉంటేనే రేటు పలుకుతుందని రియాజ్ చెప్పాడు.

"ఇది కారు కాదు సత్యా. ఇది దీపక్ సైటు," అన్నాడు మా ఆయన.

దీపక్ మా ఒక్కగానొక్క కొడుకు. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. తన పేరు మీద సైటు ఉందని మురిసి, బడినుంచి వచ్చి సంచి విసిరేసి, ముసుగు కింద దూరి డ్రైవరు సీట్లో కూర్చుని నోటితో ఇంజను శబ్దం చేస్తూ ఉండేవాడు. వాణ్ణి దించడానికి నేను ఉప్మా ఆశ చూపించాల్సి వచ్చేది.

ప్రతి ఆదివారం మా ఆయన షెడ్డు తెరిచి, బండిని ఉన్న చోటనే కాసేపు స్టార్టు చేసి ఆపేసేవాడు. తరువాత టార్చిలైటు వేసి మీటరు చూసేవాడు. అన్నం దగ్గర కూర్చుని ఆ అంకె చెప్పేవాడు. అంకె మారనందుకు సంతోషపడే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

ఏడాదికి ఒక్కసారి మాత్రం అది కదలక తప్పేది కాదు. ఆయుధపూజ నాడు ఊళ్ళో సైకిలుకు కూడా పూజ జరుగుతుంది. బూడిద గుమ్మడికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా బండి పోనివ్వాలి. బండి కదిలిన తరువాత షెడ్డు బయటనే ఆపేస్తే ఏం బాగుంటుంది, హోసూరు రోడ్డులో అత్తిబెలె దాకా వెళ్ళి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర టీ తాగి వద్దామని అత్తగారే అన్నారు. మొదటి ఏడాది వెళ్ళాం. వచ్చాక మా ఆయన మీటరు చూసి రెండు రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

రెండో ఏడాదికి ఆయనకు రియాజ్ మార్గం చెప్పాడో, తనకే తోచిందో నాకు తెలియదు. పూజ అయ్యాక దీపక్‌ను పిలిచాడు.

"నీ చెయ్యి చిన్నది కదరా. స్టీరింగ్ కింద పెట్టు. ఇంకా పైకి. మీటరు వెనకాల తీగె ఒకటి తగుల్తాది. తిప్పి పీకు."

వాడు పీకాడు. కార్లో బయలుదేరాం. నేను, అత్తగారు వెనక, వాడు ముందు. హోసూరు రోడ్డు ఎక్కాక మా ఆయన కాలు నొక్కాడు. లారీలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. వాడు మాత్రం మీటరు కేసి చూసి పడీ పడీ నవ్వాడు.

"అమ్మా చూడు. ముల్లు సున్నా మీదే ఉండాది. మనం కదలనే లేదు."

అందరం నవ్వాం. అత్తగారు కూడా నవ్వారు. ఇంటికి వచ్చాక వాడే చెయ్యి పెట్టి తీగె మళ్ళీ తగిలించాడు. వాడి తల నిమిరి మా ఆయన ఒక చాక్లెట్ ఇచ్చాడు. ఎవరిని మోసం చేసేకి ఇదంతా అని నేను రాత్రి అడిగితే, "మోసమేంది? గాడి మనది, మీటరు మనది," అని అటు తిరిగి పడుకున్నాడు. ఈ ఊళ్ళో బండిని గాడి అనే అంటారు. ఆ తరువాత ప్రతి ఆయుధపూజకూ అదే తంతు. మా ఇంట్లో అది పండగలో భాగమైపోయింది, పెసరపప్పు కోసంబరి లాగా.

నిమ్మకాయల సంగతి చెప్పాలి. మా అత్తగారికి కదలని బండి అంటే మనసు ఒప్పేది కాదు. అందుకని ప్రతి అమావాస్యకూ అంగడికి కట్టినట్టే, షెడ్డులో బండి చక్రాల ముందు కూడా నాలుగు నిమ్మకాయలు కుంకుమబొట్టు పెట్టి ఉంచేవారు. వచ్చే అమావాస్యకు అవి ఎండి గోళీల్లా అయ్యేవి, తీసేసి కొత్తవి పెట్టేవారు. మంచం పట్టాక నన్ను పిలిచి, "గాడి నడవకపోయినా నిమ్మకాయ తప్పించొద్దు సత్యా," అన్నారు. ఆవిడ నన్ను అడిగిన చివరి మాటల్లో అదొకటి. నేను తప్పించలేదు. మా ఆయన కళ్ళకు ఆ నిమ్మకాయలు ఎప్పుడూ ఆనలేదు. ఆయన చూసేది మీటరు.

దీపక్‌కు ఇరవై వచ్చింది. ఇంజనీరింగు చదువుతున్నాడు. తండ్రి కంటే జానెడు పొడుగు. తెల్లవారకముందే లేచి లాల్‌బాగ్‌లో పరుగెత్తడానికి పోతున్నానని చెప్పేవాడు. పడుచువాడు పొద్దున్నే లేస్తున్నాడని నేను ఇరుగుపొరుగుకు చెప్పుకుని గొప్పలు పోయాను కూడా.

ఆ వేసవిలో ఒక అమావాస్య నాడు పాత నిమ్మకాయలు తీయడానికి షెడ్డులోకి వెళ్ళి ముసుగు ఎత్తాను. నాలుగూ నలిగి ఉన్నాయి. తొక్క నేలకు అంటుకుని, గింజలు బయటికి వచ్చి, ఎప్పుడో ఎండిపోయి ఉన్నాయి. ఆయుధపూజ నాడు నలిగే నిమ్మకాయ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పాను. "గాడి ఎవరో తీసినారు."

మా ఆయన చెయ్యి కడుక్కుని మరీ వెళ్ళి చూసి వచ్చాడు. "నాలుగు వేల మూడు వందల పన్నెండు. పోయిన వారం అంతే, ఈ వారం అంతే. గాడి కదల్లేదు."

"నిమ్మకాయలు నలిగి ఉండాయి కదండీ."

"పందికొక్కు తిన్నుంటాది."

"పందికొక్కు నిమ్మకాయ తింటాదా?"

"సత్యా, మీటరు అబద్ధం చెప్పదు," అన్నాడు. ఏడాదికి ఒకసారి దాని చేత అబద్ధం చెప్పించే మనిషి ఆ మాట అన్నాడు. నవ్వాలో తల బాదుకోవాలో నాకు తోచలేదు. దీపక్ తల ఎత్తకుండా పెరుగన్నం కలుపుతున్నాడు. కలిపిందే కలుపుతున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు.

సాయంత్రం వాణ్ణి మేడమీదికి పిలిచి అడిగాను. "నాకేం తెలుసమ్మా? కీ నాన్న బీరువాలో కదా ఉండేది," అన్నాడు. తాళాలు అమ్మే ఇంట్లో పుట్టినవాడికి మారు తాళంచెవి చేయించుకోవడం ఒక పనా? అదే అన్నాను. వాడు నవ్వి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు సుమ్నె, ఊరికే టెన్షన్ అవుతావు," అని వెళ్ళిపోయాడు. అబద్ధం చెప్పేటప్పుడు చిన్నప్పుడు వాడి చెవులు ఎర్రబడేవి. ఆ రోజు ఎర్రబడలేదు.

తరువాతి నెలల్లో నిమ్మకాయలు నలగలేదు. నలగలేదని సంతోషించేలోపే ఇంకొకటి కనబడింది. నేను పెట్టేటప్పుడు బొట్టు గుమ్మంవైపు తిరిగి ఉండేట్టు పెడతాను, అత్తగారు అలాగే పెట్టేవారు. పోయి చూస్తే ఒక బొట్టు గోడవైపు, ఒకటి పైకి, ఒకటి కిందికి. వాడు తీసి పక్కన పెట్టి, తిరిగి వచ్చాక మళ్ళీ చక్రాల ముందు పెడుతున్నాడు. మా పెరటి సందు పల్లంగా ఉంటుంది, గేరు తీసి వదిలితే చప్పుడు లేకుండా చివరిదాకా జారుతుంది. అక్కడ స్టార్టు చేసుకుంటే ఇంట్లో ఎవరికి వినబడుతుంది? తిరిగి వచ్చే వేళకు వీధిలో పాల వ్యాన్ల చప్పుడులో ఆ చప్పుడూ కలిసిపోతుంది.

నాకు కారు ధరతో పని లేదు. నాకు ఉన్నది ఒక్క బిడ్డ. ఆ బండి ఎంత వేగం పోతుందో నేను వెనక సీట్లో కూర్చుని చూసినదాన్ని. పొద్దున వాడు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు వింటే నేను వంటింట్లో ఉన్నా చెవి గేటు మీదే పెట్టుకునేదాన్ని. వాడు తిరిగి వచ్చి గేటు తీసేదాకా పాలు పొంగినా చూసుకునేదాన్ని కాదు. ఒకరోజు ఎదురుగా నిలబడి, పోవద్దన్నాను. "పార్కుకి పోవద్దా?" అన్నాడు అమాయకంగా.

మా ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. అమ్మేయండి, ఎంతకైనా అమ్మేయండి అన్నాను. ఆశ్చర్యం, ఆయన ఈసారి అవునన్నాడు. నా ఏడుపుకు కరిగి కాదు. రియాజ్ ఒక పార్టీని పట్టాడు. కొత్తదానిలాగా తక్కువ తిరిగిన బండి కావాలని వెతుక్కుంటున్న ధనవంతుడట. రియాజ్ ఆదివారం డిజిటల్ కెమెరా తెచ్చి బండిని అన్ని వైపుల నుంచి ఫోటోలు తీశాడు. మీటరు ఫోటో ప్రత్యేకంగా తీశాడు, కింద మూలలో తేదీ పడింది.

"చూసినావా వదినా? నాలుగు వేల మూడు వందల పన్నెండు. ఈ నంబర్‌కే ఆ రేటు," అన్నాడు. పాపం, ఆ అంకె వెనక దీపక్ ఏం చేస్తున్నాడో వాడికీ తెలియదు.

విజయదశమి వెళ్ళాక బండి ఇచ్చేయాలని మాట. మధ్యలో మహాలయ అమావాస్య, ఆ తరువాత నవరాత్రులు. ఈ కొన్నాళ్ళు గడిస్తే చాలు తల్లీ అని ఊళ్ళో ఉన్న అందరు దేవతలకూ మొక్కాను. వాడికి కూడా బండి పోతుందని తెలుసు. తెలిసిన దగ్గర్నుంచి పొద్దున వెళ్ళడం ఎక్కువైంది.

మహాలయ అమావాస్య బుధవారం వచ్చింది. పెద్దలకు అన్నీ పెట్టాక, సాయంత్రం షెడ్డులోకి వెళ్ళి నాలుగు కొత్త నిమ్మకాయలు పెట్టాను. మార్కెట్లో ఏరి తెచ్చిన పెద్దకాయలు, పచ్చగా, గుండ్రంగా ఉన్నాయి. బొట్లు గుమ్మంవైపు తిప్పాను.

గురువారం పొద్దున వాడు రోజూ వచ్చే వేళకు రాలేదు. ఎండ ఎక్కాక వచ్చాడు. గేటు తీసి ఇంట్లోకి రాలేదు, సందులోనుంచి బండితోనే నేరుగా షెడ్డులోకి వెళ్ళాడు. షెడ్డు తలుపు మూసుకున్న చప్పుడు విన్నాను. నేను పెరట్లోకి వచ్చేసరికి వాడు గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. బతికి ఉన్నాడు. అంతకు మించి ఆ క్షణంలో నాకేమీ అక్కర్లేదనిపించింది. ఒళ్ళంతా తడిమి చూశాను. ఒక్క గీత లేదు.

"ఏమయ్యిందిరా?"

"నాన్నను పిలువు," అన్నాడు.

తండ్రీ కొడుకులు ఆ రోజంతా షెడ్డులో ఉన్నారు. అంగడి తెరవలేదు. తలుపు లోపల గొళ్ళెం. కాఫీ తీసుకెళితే మా ఆయన తలుపు సందులోనుంచి చెయ్యి మాత్రం చాపి గ్లాసులు అందుకున్నాడు. మధ్యాహ్నం అటక మీదినుంచి అట్టపెట్టెలు దిగాయి. సాయంత్రం ఒక గోనెసంచి తీసుకుని ఆయన ఒక్కడే బయటికి వెళ్ళి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. నన్ను చూసి, "దీపం ఒకటి పాతదయ్యిండె, మార్చినా. పార్టీ వచ్చే ముందు బాగుండాల కదా," అన్నాడు.

శుక్రవారం పేపర్లో ఎక్కడో మూల నాలుగు పంక్తులు వచ్చాయి. హోసూరు రోడ్డులో చందాపుర జంక్షన్ దగ్గర సైకిలు మీద వెళుతున్న మనిషిని ఒక నల్ల కారు గుద్ది ఆగకుండా పోయింది. మనిషి అక్కడికక్కడే పోయాడు. పేపరు పట్టుకుని హాల్లోకి వచ్చాను. ఇద్దరూ కూర్చుని ఉన్నారు.

"ఇది మన గాడేనా?" అన్నాను.

మా ఆయన చదవను కూడా చదవలేదు. "మన గాడి ఎక్కడికీ పోలేదు. కావాలంటే మీటరు చూసుకో."

"నాకా చెప్తా ఉండారు?"

"ఎవరికైనా అదే చెప్పేది. ఆదివారం రియాజ్ తీసిన ఫోటో ఉండాది. ఆ దినం ఎంత ఉండెనో ఈ దినమూ అంతే ఉండాది. ఇంకేం కావాల?"

నేను దీపక్ కేసి చూశాను. వాడి కళ్ళు వాచి ఉన్నాయి, రాత్రి ఏడ్చాడు. ఇప్పుడు ఒప్పుకుంటాడు, నా ఒళ్ళో తల పెడతాడు అనుకున్నాను. వాడు తండ్రి కేసి ఒకసారి చూసి, నా కళ్ళలోకి చూస్తూ, "గాడి కదల్లేదమ్మా," అన్నాడు.

తండ్రి గొంతే. నాకు అప్పుడు వేసిన భయం అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు. ఇన్నాళ్ళూ వీడు రోడ్డు మీద పోతాడేమోనని భయపడ్డాను. వీడు ఇక్కడే, సోఫాలో, నా ఎదురుగా కూర్చునే పోతున్నాడు.

రాత్రి అన్నం తిన్నాడు. రెండోసారి రసం అడిగాడు. కొత్త ఫోను గురించి ఏదో మాట్లాడాడు. మా ఆయన వాడి వీపు తట్టి, కొన్ని రోజుల్లో అంతా సరిపోతుందన్నాడు. నేను మెతుకు ముట్టలేదు.

శనివారం పొద్దున జీపు వచ్చి మా వాకిట ఆగింది. ఒక కానిస్టేబులు, ఒక ఎస్సై. ఎస్సై నడివయసు మనిషి, నిదానం మనిషి, గుమ్మం బయటే బూట్లు విప్పబోతే మా ఆయన వద్దన్నాడు.

"నా పేరు ఓబళప్పండీ. చందాపుర వైపునుంచి వస్తా ఉండాము. మొన్న పొద్దున అక్కడ ఒకడు పోయినాడు. సొన్నప్ప అని, ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ముగించుకొని సైకిల్ మింద ఇంటికి పోతా ఉండె. ఇద్దరు ఆడబిడ్డలు. గుద్దింది నల్ల గాడి, పగిలిన దీపం ముక్కలు చూస్తే ఏ మాడలో తెలిసింది. ఆ మాడల్ నల్లవి ఊరు మొత్తానికి పదో పన్నెండో ఉండాయంట, ఒక్కొక్కటే చూస్తా వస్తా ఉండాము. మీదొకసారి చూపిస్తే పోతాము."

"దానికేం, రాండి సార్," అన్నాడు మా ఆయన. అంగడికి వచ్చిన గిరాకీని పలకరించినట్టే పలకరించాడు.

షెడ్డు తెరిచారు. ముసుగును ముందునుంచి ముందు తలుపుల వెనక దాకా మడిచారు. నేను పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. కారు తళతళలాడుతోంది. ఎడమ దీపం కుడిదాని కంటే కొంచెం తెల్లగా ఉంది, చూసేవాళ్ళకు కనబడుతుంది, చూడనివాళ్ళకు కనబడదు. ఓబళప్ప చుట్టూ తిరిగాడు. దీపాలు చూశాడు, అద్దం చూశాడు, ఎక్కడా సొట్ట లేదు.

"సార్, ఇది తోలే గాడి కాదు," అన్నాడు దీపక్. వాడే ముందుకు వచ్చి తలుపు తెరిచాడు. "ఇన్వెస్ట్‌మెంట్ కోసం పెట్టుకున్నాం. వన్ మినిట్, మీటర్ చూడండి. లాస్ట్ సండే తీసిన ఫోటో ఇది, డేట్ ఉంది. సేమ్ నంబర్. ఒక్క కిలోమీటర్ కూడా తిరగలేదు."

ఓబళప్ప ఫోటో చూశాడు, మీటరు చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. అతని ముఖంలో పని తగ్గిన మనిషి ముఖంలో ఉండే తేలిక కనబడింది. "సరేప్పా. ఇంత లెక్కగా పెట్టుకున్నోళ్ళను నేను చూడలేదు," అన్నాడు. మా ఆయన నవ్వాడు. దీపక్ కూడా నవ్వాడు. ఎనిమిదేళ్ళనాడు హోసూరు రోడ్డు మీద నవ్విన నవ్వు కాదది. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఓబళప్ప వాకిలివైపు తిరిగాడు. ఇంకో రెండు అడుగులు వేస్తే మా కొడుకు మాకు దక్కుతాడు. ఇంట్లోనే ఉంటాడు, పెళ్ళి చేసుకుంటాడు, అంగడి చూసుకుంటాడు, ఏది అడిగినా చెవులు ఎర్రబడకుండా జవాబు చెబుతాడు. ఆ ఇద్దరు ఆడబిడ్డలు చందాపురలో ఎక్కడో ఉంటారు.

"ఒక్క నిమిషం ఆగప్పా," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ముసుగు పూర్తిగా తియ్యి. చక్రాల కాడ చూడు."

"ఏముండాదమ్మా?"

"నిమ్మకాయలు. బుధవారం అమావాస్య కదా, సాయంత్రం నా చేత్తో పెట్టినాను. ఆయుధపూజ ఇంకా రాలేదు."

మా ఆయన, "సత్యా, నువ్వు లోపలికి పో," అన్నాడు. ఓబళప్ప ముసుగు కింది అంచు పట్టుకుని పైకి ఎత్తాడు. నిమ్మకాయ వాసన గుప్పుమంది. వెళ్ళేటప్పుడు వాడు వాటిని తీసి గుమ్మం లోపల గోడవారగా పెట్టి ఉంటాడు, ఎప్పటిలాగే. వచ్చేటప్పుడు చూసుకునే స్థితిలో లేడు. రెండు కాయలు వెనక ఎడమ చక్రం కింద చితికి, రసం టైరు చారల్లోకి ఇంకి, బొట్టు కుంకుమ నేల మీద పొడుగ్గా సాగి ఉంది. మిగతా రెండు గోడపక్కనే నిక్షేపంగా ఉన్నాయి. దీపాన్ని మార్చారు, అద్దాన్ని మార్చారు, రోజంతా ఆ షెడ్డులోనే ఉన్నారు, తండ్రీ కొడుకులిద్దరిలో ఒక్కరికీ కిందికి చూడాలని తోచలేదు.

ఓబళప్ప గొంతుక్కూర్చుని ఒక గింజను వేలితో తాకి చూశాడు. ఏటేటా తన జీపు కింద నిమ్మకాయలు పెట్టించే మనిషే కదా. అతనికి నేను ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది.

"మీటరు చూడండి సార్," అన్నాడు మా ఆయన. "అదే కదా ప్రూఫు. మీటరు చూడండి."

"చూసినానండీ," అన్నాడు ఓబళప్ప లేస్తూ. దీపక్ దగ్గరికి వెళ్ళాడు. గట్టిగా అడగలేదు, పక్కింటి పెద్దాయన అడిగినట్టు అడిగాడు. "ఏమప్పా, గాడి కదిలిందా?"

దీపక్ తండ్రివైపు చూడలేదు. నన్ను చూశాడు. నేను తల తిప్పుకోలేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ముందు చెవులు, తరువాత మెడ. నేను కన్న బిడ్డ నాకు చాన్నాళ్ళకు కనబడ్డాడు, కనబడగానే నా చేతుల్లోనుంచి పోతున్నాడు. అయినా నోరు తెరిచి వద్దనలేదు.

"కదిలింది సార్," అన్నాడు.

"ఎంత స్పీడులో పోతా ఉంటివి?"

వాడు చాలాసేపు ఆలోచించాడు. దాచడానికి కాదు, నిజంగా గుర్తు తెచ్చుకోవడానికి.

"తెలీదు సార్," అన్నాడు. "ముల్లు సున్నా మీదే ఉండె."